ఎరుపుకు సాక్ష్యం: గుంటూరు–ప్రకాశం మైదానాల కారం, కల్తీ పరీక్షల చరిత్ర

ఉపోద్ఘాతం

ఒంగోలుకు దక్షిణంగా, విజయవాడ–గూడూరు రైలు మార్గం మీద ఉన్న సింగరాయకొండ నుంచి ఉత్తరంగా గుంటూరు దాకా సాగే నల్లరేగడి నేలల్లో మూడు వాణిజ్య పంటల ధరను చాలాకాలం కన్నే నిర్ణయించింది. పత్తికి తెలుపు, పొగాకుకు పసుపు, మిరపకు ఎరుపు. సింగరాయకొండ, కందుకూరు ప్రాంతాల్లో పొగాకుదే పైచేయి. మిరప ప్రధానంగా గుంటూరు, పల్నాడు, పశ్చిమ ప్రకాశం భూముల్లో పండుతుంది. అయినా మూడింటి విషయంలోనూ కొనుగోలుదారు మొదట చూసేది రంగునే. రంగు ధర అయిన చోట రంగును కల్పించాలనే ఆశ పుట్టడం సహజం. ఆ ఆశకు అన్ని పంటల్లోకీ ఎక్కువగా లోనైనది మిరప. పొగాకు ఆకుకు రంగు వేసి ఎవరినీ నమ్మించలేరు. పత్తికి తెలుపు పూయలేరు. కాయ పొడిగా మారిన మరుక్షణం మిరప మాత్రం తన ఆకారాన్ని, దానితోపాటు తన సాక్ష్యాన్ని కోల్పోతుంది.

కారంలో పరాయి వస్తువును గుర్తించే పద్ధతులు ఎలా రూపొందాయో, వాటిలో మొక్కల నుంచి వచ్చిన రంగులను, పూరకాలను గుర్తించడం ఎందుకు అన్నిటికంటే కష్టమైందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఇటుక పొడిని, తారు రంగును పట్టుకోవడం రసాయన శాస్త్రానికి క్రమంగా సులభమైంది. మొక్కలో కలిసిన మొక్కను పట్టుకోవడం అలా కాలేదు. అక్కడ ప్రశ్న ‘ఏముంది’ అన్నదాని నుంచి ‘ఎలా వచ్చింది’ అన్నదానికి మారుతుంది. ఈ మార్పును చట్టం ఒక విధంగా, ప్రయోగశాల మరొక విధంగా, మార్కెట్టు ఇంకొక విధంగా అర్థం చేసుకున్నాయి.

కల్లం నుంచి యార్డు దాకా

పోర్చుగీసుల ద్వారా 16వ శతాబ్దంలో భారతదేశానికి చేరిన మిరప, మిరియం పేరును పోలిన పేరుతోనే తెలుగులో స్థిరపడింది. గుంటూరు ప్రాంతంలో అది వాణిజ్య పంటగా విస్తరించడానికి నల్లరేగడి నేల, పొడి శీతకాలం, కోత తరువాత కల్లంలో ఎండబెట్టడానికి అనువైన ఎండ తోడ్పడ్డాయి. 1922లో ఏర్పడిన లాం వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి జి-4, ఎల్‌సీఏ-334 వంటి రకాలు రైతుల చేతికి వచ్చాయి. ‘గుంటూరు సన్నం’కు తరువాతి కాలంలో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది.

గుంటూరు మిర్చి యార్డు పరిభాషే రంగుకున్న ప్రాధాన్యాన్ని చెబుతుంది. సరుకు టిక్కీల్లో వస్తుంది. శీతల గిడ్డంగి నుంచి వచ్చిన సరుకును ‘ఏసీ’ అని, నేరుగా కల్లం నుంచి వచ్చినదాన్ని ‘నాన్ ఏసీ’ అని అంటారు. ఈ విభజన ప్రధానంగా రంగు నిలిచిందా లేదా అన్నదానికి సంబంధించినది. మిరప ఎరుపుకు కారణమైన కెరోటినాయిడ్లు వెలుతురు, వేడి, గాలిలోని ఆక్సిజన్ తగిలితే క్షీణిస్తాయి. చల్లని చీకటి గదిలో ఆ క్షయం నెమ్మదిస్తుంది. కల్లంలో వాన పడి మచ్చలెక్కిన కాయను, రంగు వెలిసి తెల్లబారిన కాయను ‘తాలు’ అంటారు. తాలుకు వేరే ధర ఉంటుంది, అది మేలు కాయ ధరలో కొంత భాగమే. అకాల వర్షానికి రైతు కోల్పోయేది బరువు కంటే ఎక్కువగా రంగును. కల్తీ చరిత్రలో ఈ తాలు కాయ పాత్ర ముఖ్యమైనది. కారపు ఘాటుకు కారణమైన క్యాప్సైసిన్ తాలులో పూర్తిగా పోదు, పోయేది ఎరుపే. ఘాటు ఉండి ఎరుపు లేని చవక సరుకు ఒకటి మార్కెట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుందన్నమాట. దానికి రంగు ఒక్కటి చేరిస్తే చాలు.

సిందూరం నుంచి సూక్ష్మదర్శినికి

కారానికి రంగు వేయడం గుంటూరులో పుట్టిన మోసం కాదు. 1820లో లండన్‌లో ఫ్రెడరిక్ అకుమ్ ప్రచురించిన ఆహార కల్తీల గ్రంథంలో మిరప పొడిలో సిందూరం, అంటే సీసపు ఆక్సైడు, కలిపే పద్ధతి ప్రస్తావన ఉంది. మూడు దశాబ్దాల తరువాత, 1851–54 మధ్య, ఆర్థర్ హిల్ హాసల్ లాన్సెట్ పత్రిక కోసం లండన్ అంగళ్ళ నమూనాలను పరీక్షించినప్పుడు మిరప పొడిలో సిందూరం, ఇంగిలీకం, కావి మట్టి, బియ్యపు పిండి బయటపడ్డాయి.

హాసల్ పద్ధతిలో ప్రస్తుత చర్చకు పనికివచ్చే అంశం ఖనిజాల గుర్తింపు కాదు. అప్పటి బ్రిటిష్ ఆర్థిక మంత్రి చార్లెస్ వుడ్, కాఫీలో కలిపిన చికోరీని గుర్తించడం రసాయన శాస్త్రం వల్ల కాదని పార్లమెంటులో చెప్పారు. రెండూ మొక్కలే, రెండూ వేయించి పొడి చేసినవే. హాసల్ సూక్ష్మదర్శిని కింద కణాల ఆకారాన్ని బట్టి రెండింటినీ వేరు చేసి చూపారు. మొక్కలోని మొక్కను గుర్తించే శాస్త్రానికి తొలి విజయాల్లో ఇది ఒకటి. పొడి ఎంత మెత్తనిదైనా కణపు గోడలు ముక్కలుగానైనా మిగులుతాయి. మిరప గింజ పైపొరలో గోడలు మందమై వంకరలు తిరిగిన కణాలు ఉంటాయి. వరి ఊకకు, రంపపు పొట్టుకు వాటి వాటి నిర్మాణం ఉంటుంది. పండిన మిరపలో పిండి పదార్థం దాదాపు ఉండదు కనుక, అయోడిన్ చుక్క వేసినప్పుడు నీలం స్పష్టంగా కనిపిస్తే బియ్యమో మొక్కజొన్నో కలిసిందని అర్థం. ఈ పరీక్షలు నేటికీ వాడుకలో ఉన్నాయి. అయితే సూక్ష్మదర్శిని చూడగలిగేది కణాన్ని మాత్రమే. కణం లేని సారాన్ని, అంటే మొక్క నుంచి తీసిన రంగును, అది చూడలేదు. ఈ పరిమితి తరువాతి శతాబ్దంన్నర చరిత్రకు కీలకం.

గిండీకి, తరువాత హైదరాబాదుకు

సింగరాయకొండ ఉన్న కందుకూరు తాలూకా 1970 వరకు నెల్లూరు జిల్లాలోనిది. ఆ సంవత్సరం ఫిబ్రవరిలో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగాలతో ఒంగోలు జిల్లా ఏర్పడి, 1972లో టంగుటూరి ప్రకాశం పేరు పొందింది. అంతకు ముందు, 1953 వరకు, ఈ ప్రాంతమంతా మద్రాసు పాలనలోనిది. ఆహార కల్తీపై ఇక్కడ తొలి ప్రత్యేక శాసనం 1918 నాటి మద్రాసు కల్తీ నిరోధక చట్టం. దాని అమలు చాలావరకు పట్టణాలకే పరిమితమైంది. నమూనాల పరీక్షకు మద్రాసు శివారు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ కేంద్రంగా ఉండేది. తయారీ, అమ్మకం, తిండి అన్నీ కోస్తా మైదానంలో ఉంటే, ‘ఇది కల్తీ’ అని చెప్పగలిగే అధికారం మాత్రం రైలు ప్రయాణమంత దూరంలో ఉండేదన్నమాట.

1954లో పార్లమెంటు చేసిన ఆహార కల్తీ నిరోధక చట్టం 1955 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చింది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ తరువాత ఈ జిల్లాల నమూనాల దారి దక్షిణం నుంచి వాయవ్యానికి, హైదరాబాదుకు మళ్ళింది. నాచారంలోని రాష్ట్ర ఆహార ప్రయోగశాల పేరు ఆంధ్ర ప్రాంతపు ఆహార తనిఖీ అధికారులందరికీ సుపరిచితం. ఆ ప్రయోగశాల ఉన్న నగరం 2014 విభజనతో మరొక రాష్ట్రంలో మిగిలింది.

కొత్త చట్టం తెచ్చిన ముఖ్యమైన మార్పు నమూనాను సాక్ష్యంగా మలచిన తీరు. అధికారి నమూనాను మూడు భాగాలు చేసి సీలు వేయాలి. తొలి రూపంలో ఒక భాగం వర్తకుడి దగ్గరే ఉండేది. 1976 సవరణతో ఒక భాగం పబ్లిక్ అనలిస్టుకు, మిగిలిన రెండూ స్థానిక ఆరోగ్యాధికారికి చేరాలన్న నియమం వచ్చింది. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద అది నాలుగు భాగాలైంది. అనలిస్టు 14 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. ఆ నివేదికపై 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. మూడు నాలుగైన ఈ లెక్క పైకి చిల్లర విషయంలా కనిపించవచ్చు. కానీ రంగు కాలంతోపాటు మారే వస్తువు విషయంలో, ఏ భాగం ఎవరి దగ్గర ఎంతకాలం ఎలా నిలవ ఉందన్నది తీర్పును ప్రభావితం చేయగల అంశం.

ప్రమాణంలోని అంకెలు

కారం పొడికి చట్టం నిర్దేశించిన ప్రమాణాన్ని చరిత్రకారుడు ఒక పత్రంగా చదవవచ్చు. అందులోని ప్రతి అంకె వెనుక ఒక మోసం ఉంది. విలీన ఆమ్లంలో కరగని బూడిద 1.3 శాతం మించరాదు. ఇది ఇసుకకు, ఇటుక పొడికి, బలపపు రాయి పొడికి వేసిన కాపలా. ముడి పీచు 30 శాతం మించరాదు. ఇది తొడిమలకు, ఊకకు, పొట్టుకు కాపలా. ఆవిరికాని ఈథర్ సారం 12 శాతానికి తగ్గరాదు. ఈ మూడోది అన్నిటికంటే ఆసక్తికరం. మిరపలోని రంగును, ఘాటును ద్రావకాలతో పిండి ఓలియోరెసిన్ తీసే పరిశ్రమ 1970ల నుంచి కేరళ కేంద్రంగా పెరిగింది. సారం తీసిన తరువాత మిగిలే పిప్పి మిరపే, కణ నిర్మాణమూ మిరపదే. సూక్ష్మదర్శినికి అది దోషంగా కనిపించదు. దాన్ని పట్టుకునేది ఈథర్ సారపు అంకె.

కానీ పిప్పికి కొంత నూనె కలిపితే ఈథర్ సారం తిరిగి పెరుగుతుంది. ప్రమాణంలోనే దీనికి సమాధానం కనిపిస్తుంది. కారం పొడిలో తినదగిన నూనె బరువులో 2 శాతానికి మించరాదు, దాన్ని లేబులు మీద ప్రకటించాలి. మర ఆడించేటప్పుడు దుమ్ము లేవకుండా కాస్త నూనె చేర్చడం పాత అలవాటే. అయితే నూనెకు మరో గుణం ఉంది. మిరప రంగు కొవ్వులో కరిగేది కావడం వల్ల నూనె తగిలిన పొడి నిజం కంటే ముదురుగా కనిపిస్తుంది. చట్టం ఆ అలవాటును పూర్తిగా నిషేధించలేదు, అలాగని అదుపు లేకుండానూ వదల్లేదు. 2 శాతం అన్నది ఆ రాజీకి వచ్చిన అంకె.

ఈ ప్రమాణమంతటిలో అంకె లేని నిబంధన ఒకటి ఉంది. కారం పొడిలో చేర్చిన రంగు ఉండరాదు. ఎంత రంగు, ఏ రంగు అన్న వివరణ లేదు. అదే నియమావళి ఇతర ఆహారాల విషయంలో కెరోటిన్, పత్రహరితం, జాఫ్రా, కుంకుమపువ్వు, పసుపులోని కర్క్యుమిన్ వంటి సహజ వర్ణాలను అనుమతిస్తుంది. మిఠాయిలో జాఫ్రా గింజల రంగు సక్రమం, కారంలో అదే రంగు కల్తీ. అది ఆరోగ్యానికి హాని చేయకపోయినా కల్తీయే. దీన్ని చట్టపు వైరుధ్యంగా కొందరు భావించవచ్చు గాని, మార్కెట్టు తర్కం తెలిసినవారికి ఇది సబబుగానే తోస్తుంది. మిఠాయిలో రంగు అలంకారం. మిరపలో రంగే సరుకు.

వర్ణ విశ్లేషణ శాస్త్రం, దాని మూలాలు

రంగులను విడదీసి గుర్తించే క్రొమటోగ్రఫీ పద్ధతి పుట్టిందే మొక్కల వర్ణాల అధ్యయనంలో. రష్యన్ వృక్షశాస్త్రవేత్త మిఖాయిల్ త్స్వెత్ 1903లో వార్సాలో, 1906లో ప్రచురించిన పత్రాల్లో, ఆకుల సారాన్ని సుద్ద నింపిన గాజు గొట్టం గుండా పోసి, పచ్చ, పసుపు పట్టీలుగా విడిపోవడాన్ని వర్ణించారు. ఆయన ఇంటిపేరుకు రష్యన్‌లో ‘రంగు’ అనే అర్థం ఉండటం యాదృచ్ఛికమే. ఆ పద్ధతిని ఇరవై ఏళ్ళకు పైగా శాస్త్రలోకం పెద్దగా పట్టించుకోలేదు. హంగేరీలో జెక్‌మైస్టర్, చోల్నోకీ 1927 నుంచి మిరప ఎరుపుపై పరిశోధనలు సాగించి, దాని ప్రధాన వర్ణం క్యాప్సాంథిన్‌ను శుద్ధ రూపంలో వేరు చేశారు. వర్ణాల విభజనలో ఆ పద్ధతి ప్రయోజనాన్ని చాటినవారిలో జెక్‌మైస్టర్ ఒకరు. కల్తీని పట్టుకునే పరికరం చరిత్ర, మిరప రంగు చరిత్ర ఆ విధంగా ఒకచోట కలుస్తాయి.

తెలుగు నేలకు సంబంధించిన ఒక అధ్యాయం ఇక్కడ గుర్తు చేసుకోదగినది. 1933లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరిన టి. ఆర్. శేషాద్రి వాల్తేరులో మొక్కల వర్ణాల రసాయన శాస్త్రానికి బలమైన పరిశోధన సంప్రదాయాన్ని నెలకొల్పారు. పత్తి పూల వర్ణాలపై ఆయన బృందం వరుసగా ప్రచురించిన పత్రాలు ప్రసిద్ధమైనవి. 1942లో విశాఖపై జపాను బాంబుల దాడి తరువాత విశ్వవిద్యాలయం కొంతకాలం గుంటూరుకు తరలింది. పత్తి, మిరప పండే నేల నడుమకే విశ్వవిద్యాలయం వచ్చిందన్నమాట. ఆ పరిశోధన కారం పరీక్ష కోసం ఉద్దేశించినది కాదు, అలా చెప్పడం అతిశయోక్తి అవుతుంది. కానీ మొక్క రంగు అంటే పేరు, నిర్మాణం, నిర్దిష్ట గుణాలున్న అణువు అన్న అవగాహన తెలుగు నేలపై పాదుకొన్నది ఆ ప్రయోగశాలలోనే.

ఆహార ప్రయోగశాలల్లో చాలాకాలం నడిచినవి ఇంతకంటే నిరాడంబరమైన పద్ధతులు. ఆమ్లం కలిపిన సారంలో తెల్ల ఊలు పోగును మరిగిస్తే తారు రంగు పోగుకు పట్టుకుంటుంది. అమ్మోనియాలో అది తిరిగి విడుదలవుతుంది. మొక్కల రంగులు సాధారణంగా అలా పోగును అంటిపెట్టుకోవు. ఈ ఊలు పరీక్ష ఒక తరం అనలిస్టులకు సహజాన్ని కృత్రిమం నుంచి వేరు చేసే తొలి గీటురాయి. గ్లాసుడు నీళ్ళ మీద కారం చల్లి రంగు చారలు దిగుతాయేమో చూడమని నేటికీ వినియోగదారులకు సూచిస్తున్నారు. తెలివైన, చవకైన పరీక్షే. కాని అది చూపేది నీటిలో కరిగే రంగును మాత్రమే. నూనెలో కరిగే రంగు వేసినవాడిని అది నిర్దోషిగా వదిలేస్తుంది. నిన్నటి మోసానికి నేటి పరీక్ష అన్న ఈ వెనుకబాటు 2003లో ప్రపంచానికంతటికీ తెలిసివచ్చింది.

సూడాన్ ఉదంతం

2003 మే నెలలో, భారతదేశం నుంచి వచ్చిన మిరప ఉత్పత్తుల్లో సూడాన్-1 అనే రంగు ఉన్నట్టు ఫ్రాన్సు ప్రకటించింది. సూడాన్ రంగులు మైనం, నూనెలు, పాలిష్‌ల వంటి పారిశ్రామిక వస్తువుల కోసం తయారైనవి. ఆహారంలో వాటికి అనుమతి లేదు. కొవ్వులో కరుగుతాయి కనుక నీటి గ్లాసు పరీక్షకు అందవు. మిరప ఎరుపుతో కంటికి కలిసిపోతాయి. 2003 జూన్ 20న ఐరోపా కమిషన్ అత్యవసర నిర్ణయం జారీ చేసింది. దిగుమతి అయ్యే మిరప సరుకులో సూడాన్-1 లేదని ధ్రువీకరించే విశ్లేషణ పత్రం తప్పనిసరి అయింది. 2004 జనవరిలో ఆ నియమాన్ని సూడాన్-2, 3, 4 రంగులకు, కూర పొడులకు విస్తరించారు. 2005 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో ఒక సాస్ తయారీలో వాడిన కారం పొడిలో సూడాన్-1 బయటపడటంతో, ఆ సాస్ చేరిన 400కు పైగా ఆహార ఉత్పత్తులను అంగళ్ళ నుంచి వెనక్కి రప్పించారు. అదే సంవత్సరం మే నెలలో నియమం పసుపుకు, పామాయిలుకు కూడా వర్తించింది.

ఈ ఉదంతం గుంటూరు మార్కెట్టును రెండు విధాల మార్చింది. ఎగుమతి మిరప, మిరప ఉత్పత్తుల ప్రతి సరుకునూ స్పైసెస్ బోర్డు ద్వారా పరీక్షించడం తప్పనిసరి అయింది. కాలక్రమంలో బోర్డు ప్రయోగశాల గుంటూరుకే వచ్చింది. గిండీ, నాచారం దూరాలతో పోలిస్తే ఇది చిన్న మార్పు కాదు. రెండోది, అంతగా చర్చకు రాని అంశం, పరీక్షలో ఏర్పడిన అసమానత. ఐరోపాకు పోయే టిక్కీకి అధిక పీడన ద్రవ క్రొమటోగ్రఫీ ఉంటుంది. స్థానిక అంగడిలో విడిగా తూచే కారానికి ఎక్కువగా మిగిలేది నీటి గ్లాసే. సంచార పరీక్ష వాహనాలు ఊరూరా తిరగడం మంచిదే గాని, అవి చేయగలిగేవి ఎక్కువగా ఈ త్వరిత పరీక్షలే. ఒకే కల్లంలో ఎండిన కాయకు, తినేవాడి చిరునామాను బట్టి రెండు రకాల న్యాయం జరుగుతున్నది.

పాత మోసాలు పోయాయని కూడా అనుకోవడానికి లేదు. 1994లో, మిరప పొడికి పేరుపొందిన హంగేరీలోనే సిందూరం కలిపిన పొడి అమ్మి ప్రజలను విషప్రభావానికి గురిచేసిన సంఘటన జరిగింది. అకుమ్ హెచ్చరికకు అప్పటికి 174 ఏళ్ళు.

మొక్కలో మొక్క

కృత్రిమ రంగులపై నిఘా బిగిసినకొద్దీ మొక్కల నుంచి వచ్చే చేర్పుల వైపు దృష్టి మళ్ళడం సహజం. వీటిలో కొన్ని సులభంగా దొరుకుతాయి. పసుపులోని కర్క్యుమిన్ క్షారం తగిలితే ఎర్రబారుతుంది. బీట్‌రూట్ ఎరుపు నీటిలో కరుగుతుంది, గాఢ క్షారంలో పసుపుగా మారుతుంది. జాఫ్రాలోని బిక్సిన్ కెరోటినాయిడ్ కుటుంబానికి చెందినదే అయినా దాని నిర్మాణం వేరు, క్రొమటోగ్రఫీలో అది మిరప వర్ణాలకు దూరంగా నిలుస్తుంది. ఇవన్నీ మిరపకు పరాయి మొక్కలు.

కాలికట్‌లోని భారతీయ సుగంధ ద్రవ్యాల పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2008లో ఈ సమస్యను మరో మార్గంలో ఎదుర్కొన్నారు. ఎండబెట్టిన బీట్‌రూట్ పిప్పి, బాదం పెంకు పొడి, నేలరేగు పండ్ల పొడి మార్కెట్టు కారంలో కలిసే అవకాశం ఉన్న పూరకాలుగా తీసుకొని, డీఎన్ఏ పట్టీల ద్వారా వాటిని గుర్తించే ప్రయత్నం చేశారు. మార్కెట్టు నమూనాల్లో ఒకదానిలో నేలరేగు ఆనవాలు దొరికింది. నేలరేగు ఎంపిక వెనుక ఉన్న లోకజ్ఞానం గమనించదగినది. ఎండిన రేగుపండు పొడి ఎర్రని గోధుమ రంగులో ఉంటుంది, చవక, తినదగినది కూడా. తిన్నవాడికి హాని కలగదు కనుక ఎవరూ ఫిర్యాదు చేయరు. హాసల్ కణాన్ని చూస్తే, వీరు కణం లోపలి లిపిని చదివారు.

అయినా ఒక చేర్పు ఈ రెండు చూపులకూ అందదు. అది మిరప నుంచే తీసిన ఎరుపు. అంతర్జాతీయ సంఖ్య 160సి గల ఈ ఓలియోరెసిన్‌ను సాసుల్లో, మాంస ఉత్పత్తుల్లో ఆహార వర్ణంగా వాడతారు. తాలు కాయ పొడికి దీన్ని కలిపితే క్యాప్సాంథిన్‌కు తోడు క్యాప్సాంథినే చేరుతుంది. జాతి ఒకటే, సారంలో కణం లేదు, చదవదగిన డీఎన్ఏ కూడా దాదాపు ఉండదు. అసిటోన్ సారపు కాంతి శోషణను 460 నానోమీటర్ల వద్ద కొలిచే ‘ఆస్టా’ రంగు విలువ ఆ పొడికి మంచి అంకెనే ఇస్తుంది. ఆ పద్ధతి రంగు ఎంత ఉందో చెబుతుంది, ఆ రంగు ఏ కల్లంలో పుట్టిందో చెప్పదు.

అనలిస్టుకు మిగిలేవి పరోక్ష సాక్ష్యాలు. ఒకటి, హెక్సేన్ వంటి ద్రావకపు శేషం. మర పట్టిన మిరపలో దానికి చోటు లేదు. మరొకటి, రంగుకూ ఘాటుకూ మధ్య పొంతన. గుంటూరు సన్నం ఘాటు ఎక్కువ, ఆస్టా విలువ సుమారు 30 ప్రాంతంలో ఉండే రకం. కర్ణాటకకు చెందిన బ్యాడగి ఘాటు దాదాపు లేని, ఆస్టా 150 చుట్టూ ఉండే రకం. సన్నం పేరుతో అమ్మే పొడిలో బ్యాడగి ఎరుపు కనిపిస్తే అనుమానించవచ్చు. కానీ వర్తకుడు, రెండు రకాలనూ కలిపి ఆడించానని చెప్పవచ్చు. అది నిజమూ కావచ్చు. కాయను కాయతో కలపడం వంటింటి నుంచి కర్మాగారం దాకా అందరూ చేసేదే, అది నేరం కాదు. కాయ బదులు కాయ సారాన్ని కలపడం నేరం. తుది పొడిలో అణువులు దాదాపు అవే. ఇక్కడ రసాయన శాస్త్రం సాక్షిగా తన పరిధి చివరికి చేరుకుంటుంది. ఆ తరువాత మాట్లాడవలసినవి కొనుగోలు రశీదులు, గిడ్డంగి లెక్కలు, మర తనిఖీలు. కల్తీ నిఘా అంటే ప్రయోగశాలల సంఖ్య పెంచడమేనన్న ప్రచలిత అభిప్రాయం ఈ ఒక్క ఉదాహరణ ముందే తేలిపోతుంది.

అపవర్ణన, అపాయం

చట్టం ఈ చిక్కును ఎదుర్కొన్న తీరులో ఒక మార్పు పరిశోధకుల దృష్టికి రావలసి ఉంది. దెబ్బతిన్న సరుకును రంగు, పూత, మెరుగు ద్వారా కప్పిపుచ్చడం, లేదా ఉన్నదానికంటే మేలైనదిగా, ఎక్కువ విలువైనదిగా కనిపింపజేయడం అనే దోషాన్ని 1954 చట్టం ‘అపవర్ణన’ నిర్వచనంలో ఉంచింది. వస్తువును గురించి అబద్ధం చెప్పిన నేరం కిందకు అది వచ్చేది. 2006 చట్టంలో దాదాపు అదే వాక్యం ‘అసురక్షిత ఆహారం’ నిర్వచనంలోకి చేరింది. వాక్యం మారలేదు, దాని ఇల్లు మారింది. దానితో శిక్ష స్వభావమూ మారింది. కొత్త చట్టంలో అపవర్ణనకు 3 లక్షల రూపాయల వరకు, నాసిరకానికి 5 లక్షల వరకు జరిమానా ఉంటే, అసురక్షిత ఆహారానికి జైలు శిక్ష ఉంది.

ఈ తరలింపును రెండు విధాల చదవవచ్చు. మోసానికి వాడిన రంగు హానికరమా కాదా అన్న వాదులాట నుంచి ప్రాసిక్యూషన్‌ను విముక్తం చేయడం ఒక ప్రయోజనం. సూడాన్ అనుభవం తరువాత అటువంటి కాఠిన్యం అర్థం చేసుకోదగినదే. కానీ సిందూరం కలిపినవాడినీ, మిరప సారంతో తాలుకు ఎరుపు తెచ్చినవాడినీ ఒకే గదిలో నిలబెట్టడం వల్ల, రెండో సందర్భంలో న్యాయస్థానం సంకోచించే అవకాశం పెరుగుతుంది. హాని లేని చోట ‘అసురక్షితం’ అన్న మాట నిలబడటం కష్టం. పాత చట్టంలోని అపవర్ణన అన్న పదమే ఈ నేరానికి సరిపడిన పేరు. అక్కడ దెబ్బతిన్నది తినేవాడి ఆరోగ్యం కాదు, నమ్మకం.

దెబ్బతిన్నవాడు మరొకడు కూడా ఉన్నాడు. అతడు ఏ చట్టంలోనూ కక్షిదారుగా కనిపించడు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కల్లం మీద వాన పడితే కాయలను పట్టాల కింద కప్పి, తెల్లవారాక ఏరి, ఎర్రని కాయను ఒక పక్కకు, తాలును మరో పక్కకు వేరు చేసే కూలీల శ్రమ రైతు ఖర్చులోనే పడుతుంది. ఆ తాలును అతడు యార్డులో తాలు ధరకే అమ్ముతాడు. దళారి ముందు తన సరుకు లోపాన్ని దాచుకోలేడు, టిక్కీ కోసి చూస్తే రంగు తెలిసిపోతుంది. అతడి చేతి నుంచి ఆ కాయ నిజమైన పేరుతోనే పోతుంది. మర దాటి, సింగరాయకొండ వంటి ఊళ్ళ అంగళ్ళకు అది మేలు కారంగా, మేలు ధరకు తిరిగి వచ్చినప్పుడు, మధ్యలో పెరిగిన విలువ రైతుకు చేరదు. తనిఖీ అధికారి నమూనా తీసేది ఆ చివరి అంగడిలోనే. సీలు పడేది అక్కడి పొట్లం మీదే. నివేదికలో పేరు వచ్చేది ముందుగా ఆ చిల్లర వర్తకుడిదే.